తొమ్మిది పాటలూ విన్నాకే

2006 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న, కలకత్తా భవానీపూర్‌లో బలాయ్ దా టీ కొట్టు ముందు ముప్ఫై నాలుగు మంది ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. ముప్ఫై అయిదో మనిషి పెన్ను అందుకుని, కాగితం ఒకసారి పైనుంచి కిందికి చూసి, పెన్ను మూత పెట్టి తిరిగిచ్చేసింది. ఆమె పేరు నాగేశ్వరి. మెటియాబ్రుజ్‌లో ఒక కుట్టు కార్ఖానాలో పనిచేస్తుంది. వయసు ముప్ఫై ఎనిమిది.

ఆ కాగితం "కాలో ఇంజిన్" అనే రాక్ బృందానికి వాళ్ళ అభిమానులు రాసిన ఉత్తరం. కాలో ఇంజిన్ అంటే నల్ల ఇంజను. ఎనభైల్లో హాళ్ళ కిటికీ అద్దాలు అదిరేలా వాయించిన నలుగురి బృందం అది. రెండు కాసెట్లు తెచ్చి, 1987లో తమలో తాము పోట్లాడుకుని ఆగిపోయారు. పంతొమ్మిదేళ్ళకు మళ్ళీ కలిసి మూడో ఆల్బం చేశారు. దాని పేరు "మొర్చే", అంటే తుప్పు. అది వచ్చి పది రోజులైంది. ఆ పది రోజుల్లో అభిమానులు తేల్చుకున్నది ఉత్తరంలో మొదటి వాక్యంగా ఉంది: "ఈ ఆల్బం మీరు చెయ్యకుండా ఉండవలసింది."

ఉత్తరం రాసింది అభిమానుల సంఘం కార్యదర్శి కామేష్. వాళ్ళ నాన్నగారు బ్యాంకు ఆఫీసరుగా బదిలీ మీద కలకత్తా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కామేష్ కాలేజీ లెక్చరర్. ఇంట్లో రెండు వేల రికార్డులున్నాయి. రాక్ సంగీతం మీద ఇంగ్లీషు పత్రికలకు రాస్తాడు. సంఘంలో తెలుగు వచ్చినవాళ్ళు ఆయనా నాగేశ్వరీ ఇద్దరే. అందరితో బెంగాలీలో మాట్లాడినవాడు ఆమె దగ్గరికొచ్చి తెలుగులో అడిగాడు.

"ఏమైంది నాగేశ్వరి గారూ? మీ ఒక్కరిదే మిగిలింది."

"నానింకా సరిగ్గా ఇన్నేదు బావూ."

"విడుదల రోజున ఇక్కడే విన్నాం కదా, అందరం కలిసి!"

"అదేటి ఇనడం? ముప్పై మంది మాటాడుకుంతంటే మజ్జిలో పాటలొచ్చినాయి."

కామేష్ ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు. వచ్చే శనివారం సాయంత్రం కాలో ఇంజిన్ ప్రదర్శన ఉంది. ఆల్బం వచ్చాక అదే మొదటిది. నాలుగో పాట మొదలవగానే సంఘం వాళ్ళందరూ లేచి, తమ సీడీలు వేదిక అంచున పెట్టి, ఒక్కమాట మాట్లాడకుండా బయటికి నడవాలి. అందరూ ఉంటేనే దానికి బలం. వెనకనుంచి ఎవరో "చొల్బే నా, చొల్బే నా", అంటే సాగదు సాగదు, అని ఊరేగింపులో అరిచినట్టు అరిచారు. నవ్వులు లేచాయి.

"శుక్రారం లోపు సెప్తాను. తొమ్మిది పాటలూ ఇన్నాకే," అంది నాగేశ్వరి.

"దీదీ ఇంట్లో సీడీ ప్లేయరే లేదు, ఇంక ఎలా వింటుంది?" అన్నాడొకతను బెంగాలీలో. అది నిజమే. ఆమె సీడీ కొనుక్కుంది గాని, ఇంట్లో ఉన్నది పాత టేపురికార్డరు.

* * *

నాగేశ్వరి తండ్రి బైరాగి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకులో కూలీగా చేరినవాడు. ఓడల్లోంచి బస్తాలు దించే చోట, గొలుసుల రాపిడిలో, బరువులెత్తే వించీల మోతలో ఇరవై ఏళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఏం చెప్పాలన్నా ఆయన చెవి దగ్గర అరవాలి. అరిచి అరిచి విసిగి, ఇంట్లోవాళ్ళు అవసరమైన మాటలు తప్ప చెప్పడం మానేశారు.

నాగేశ్వరి బెంగాలీ బడిలో ఎనిమిది చదివి, పదిహేనో ఏట కార్ఖానాలో చేరింది. అక్కడ పెద్ద దర్జీని ఓస్తాగర్ అంటారు. పదిమంది చేత పని చేయించేది ఆయనే. 1985లో ఒకరోజు నలుగురు పొడుగు జుట్టు కుర్రాళ్ళు వచ్చి, ప్రదర్శనకు నల్ల జీను గుడ్డ కోట్లు కావాలన్నారు. కోట్లు తయారయ్యాక పాటగాడు ప్రబీర్ తనది తొడుక్కుని, మైకు ఎత్తినట్టు చెయ్యి పైకెత్తాడు. కోటు మొత్తం గుండెల దాకా లేచింది. ఓస్తాగర్ కొలతలు తీసినవాణ్ణి తిడుతుంటే, నాగేశ్వరి ఆ కోటు తీసుకుని చంక కింద కుట్టు విప్పి, నాలుగు పలకల గుడ్డ ముక్క ఒకటి వేసి కుట్టింది. ఈసారి చెయ్యి లేచింది, కోటు కదలలేదు. ప్రబీర్ సంతోషపడి రెండు పాసులిచ్చాడు.

పదిహేడేళ్ళ పిల్లను ఒంటరిగా పంపడం ఇష్టంలేక బైరాగి వెంట వెళ్ళాడు. మూడో వరసలో కూర్చున్నారు. మొదటి పాటకు డ్రమ్ము మోగగానే ఆయన ముందు కుర్చీ వెనక భాగం మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉండి, కూతురి వైపు తిరిగాడు.

"ఒలే నాగేసూ, నాకినబడతందే!"

"ఏటినబడతంది అయ్యా?"

"అంతా ఇనబడతంది. ఆడేటి పాడతన్నాడు?"

"నాకూ తెల్దయ్యా!" అని ఆమె అరిచింది. ఇద్దరూ నవ్వారు. తండ్రితో కలిసి ఒకే సమయాన ఒకే శబ్దం వినడం ఆమెకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. ఆ తర్వాత ఇంకో మూడు ప్రదర్శనలకు వాళ్ళిద్దరూ వెళ్ళారు. 1991లో బైరాగి చనిపోయాడు. అప్పటికి బృందం ఆగిపోయి నాలుగేళ్ళు.

ఆగిపోయినా అభిమానులు ఆగలేదు. ఈ దుర్గా పూజలకు వస్తుందట, పైవచ్చే వేసవికి వస్తుందట అని మూడో ఆల్బం గురించి ప్రతి ఏడూ ఒక పుకారు పుట్టేది. బలాయ్ దా కొట్టు దగ్గర ఆదివారం ఆదివారం చేరేవాళ్ళు ఆ పుకార్లు పంచుకుని, పాత కాసెట్లు మార్చుకుని వెళ్ళేవాళ్ళు. నాగేశ్వరికి పెళ్ళయింది. భర్త దేముడు డాకులో క్రేను డ్రైవరు. "పాడనోల్ల కోసం రెండు బస్సులు మారి ఎల్తావేటే?" అని నవ్వేవాడు గాని, ఆదివారాలు చేప కూర తనే వండి పెట్టేవాడు.

తీరా ఆల్బం వచ్చిన రోజున టీ కొట్టు ముందు స్పీకరు పెట్టి వేశారు. రెండో పాట అయ్యేసరికి ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ప్రబీర్ గొంతు సగం పోయింది. ఒకప్పుడు పైకి లేచి గిటారును దాటిపోయిన గొంతు ఇప్పుడు దాని కిందే నడుస్తోంది. మూడో పాటలో పెళ్ళి ఊరేగింపు బాండులాంటి కీబోర్డు వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసే తపన్ బాబు కళ్ళు తుడుచుకున్నాడు. ఒకడు ఇది ప్రబీర్ కాదు, ప్రబీర్ బాబాయి అన్నాడు. కాలేజీ పిల్లలు మర్నాటికల్లా ఇంటర్నెట్‌లో "వీళ్ళను మ్యూజియంలో పెట్టండి" అని రాసేశారు. ఇంకొకడు ఆల్బం ఎందుకు విఫలమైందో పద్దెనిమిది కారణాలు అచ్చు వేయించి పంచాడు.

నాగేశ్వరి కూడా ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. దేముడు కంగారుపడి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏటయినాదే? ఎవులైనా పోనారా?"

"పాట బాగో నేదు."

"పాటకేనా!" అని ఆయన లేచాడు. రెండడుగులు వేసి ఆగి, "పంతొమ్మిదేళ్ళు ఆగినావు. ఒక్కసారినేసి తీరుపు సెప్పీడమేనా?" అన్నాడు.

ఆయన తేలిగ్గా అన్న ఆ మాట ఆమె మనసులో ఉండిపోయింది.

* * *

సంతకం పెట్టకుండా వచ్చిన మర్నాడు, సోమవారం, ఆమె సీడీ తీసుకుని కార్ఖానాకు వెళ్ళింది. అక్కడ హిందీ సినిమా పాటలు వేసుకునే సీడీ పెట్టె ఒకటుంది. మధ్యాహ్నం భోజనాల గంటలో తన సీడీ వేస్తానని ఓస్తాగర్ నజీర్ మియాను అడిగింది. ఆయనకు ఆమె చేతి పని మీద గౌరవం. సరే అన్నాడు. మొదటి పాట అయ్యాక మాత్రం, "బేటీ, ఇది పాటా, లారీకి గేరు పడక చేసే మోతా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పెట్టె మాత్రం ఆపలేదు. అన్నం తింటూ తొమ్మిది పాటలూ వింది.

మంగళవారం వింది. బుధవారం రెండుసార్లు వింది. ఒక చీటీ మీద పాటల అంకెలు వేసి పక్కన గుర్తులు పెట్టుకుంది. మూడో పాటకూ ఎనిమిదో పాటకూ ప్రతిరోజూ అడ్డగీతే పడింది. వాటిలో కొత్త కుర్రాళ్ళను ఆకట్టుకోవాలన్న తాపత్రయం తప్ప ఏమీ లేదు. ఆరో పాట దగ్గర మొదటి రోజు ఏ గుర్తూ పెట్టలేకపోయింది.

ఆ పాట పేరు "జోయార్". గంగలోకి సముద్రపు పోటు వచ్చే వేళ అని అర్థం. ఏడు నిమిషాలు. ముందు బాస్ గిటారు ఒక్కటే మోగుతుంది. ప్రబీర్ దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు. అలా పెరిగి పెరిగి, పాత రోజుల్లో అయితే అతను గొంతు చించుకుని కేక పెట్టే చోటికి వస్తుంది. అక్కడ అతను ఆగిపోతాడు. నాలుగు దెబ్బలు డ్రమ్ము ఒక్కటే మోగి, ఆ తర్వాత గిటారు వస్తుంది. పాడలేక వదిలేశాడని అభిమానులందరూ ఎగతాళి చేసింది సరిగ్గా ఆ చోటునే.

గురువారం భోజనాల గంటలో ఆ చోటు రాగానే నాగేశ్వరి ముద్ద కలపడం ఆపింది. ఇన్నేళ్ళుగా వింటున్న ప్రబీర్ పాటల్లో సగం మాటలు ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఈ పాటలో ప్రతి మాటా తెలిసింది. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురదలో కూరుకుపోయిన పడవ గురించి అతను చెబుతున్నాడు. ఆ నాలుగు దెబ్బల ఖాళీలో పడవ కింద నీళ్ళు చేరుతున్నాయి. పాట ముగిశాక, జిప్పులు వేసే ముసలాయన తల ఎత్తకుండానే, "ఆ నీళ్ళ పాట ఇంకోసారి వెయ్యి," అన్నాడు.

అయినా ఆమెకు అనుమానం తీరలేదు. తను చదువుకున్నది కాదు. గిటారు మీద ఏ తీగ ఎక్కడుంటుందో తెలియదు. కామేష్ బాబుకు తెలుసు. ఆయన తొమ్మిదీ శ్రద్ధగా విని, అప్పటికీ ఇది పనికిరాదంటే, సంతకం పెట్టేద్దామనుకుంది.

శుక్రవారం బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. దేముడు వీధిలోకి తొంగిచూసి, "రేపు ఎల్లకూడదేటే?" అన్నాడు.

"రేపు ఆటే ఉన్నాది. ఇయ్యాల సెప్తానన్నాను."

"అయితే సెప్పులు మార్సుకో. ఆటితో అంత దూరం నడవనేవు."

పొద్దున్న తొమ్మిదికి బయల్దేరింది. గార్డెన్ రీచ్ రోడ్డు పొడుగునా దుకాణాల తలుపులు దించి ఉన్నాయి. లారీలు లేని రోడ్డు మీద పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. ఖిదిర్‌పూర్ వంతెన దాటి, అలీపూర్ మీదుగా రెండు గంటలకు పైగా నడిచి భవానీపూర్‌లో కామేష్ ఇంటి గంట కొట్టింది. తలుపు తీసింది ఆయన భార్య వేదవతి.

"అయ్యో, నడిచొచ్చారా? లోపలికి రండి, ముందు మంచినీళ్ళు తాగండి."

కామేష్ ఆమెను చూసి సంతోషపడ్డాడు. "సంతకానికి ఇంత దూరం రావాలా? రేపు హాలు దగ్గర పెట్టేవారు కదా."

"సంతకానికి రానేదు బావూ. మీ పెద్ద పెట్టెలో ఒక్కసారి మొదట్నుంచీ ఎయ్యండి. ఇద్దరం కూకుని ఇందాం. ఇన్నాక మీరేటంటే అది."

కామేష్ గడియారం చూశాడు. తర్వాత అరలో సీడీ వెతికాడు. అది ఇంకా దుకాణం వాళ్ళిచ్చిన కాగితం సంచిలోనే ఉంది. నాగేశ్వరి ఆ సంచిని చూసింది.

"మీరిది ఇంటికాడ ఎన్నిసార్లిన్నారు?"

ఆయన సంచిలోంచి సీడీ బయటికి తీశాడు.

"ఒక్కసారి?"

"టీ కొట్టు దగ్గర మూడు పాటలు విన్నాను. ఆ కీబోర్డు వచ్చేసరికి ఎవరూ చూడకుండా లేచి వెళ్ళిపోయాను. తర్వాత..." కామేష్ మెల్లగా అన్నాడు, "తర్వాత చెయ్యి రాలేదండీ. మళ్ళీ వింటే అదే నిజమవుతుందని భయం వేసింది."

నాగేశ్వరి ఎప్పుడూ ఆయన ముందు గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచింది. "మూడు పాటలినేసి ముప్పై నాలుగు మంది సేత సంతకాలెట్టించినారా? పంతొమ్మిదేళ్ళు కాసుక్కూకున్నారు, ఇంకో ముప్పావుగంట కూకోనేకపోనారా బావూ?"

వంటింటి గుమ్మంలోంచి వేదవతి, "బాగా అడిగారు. పదిహేను రోజులుగా అన్నం సరిగ్గా తినడు, ఎందుకో చెప్పడు," అంది.

కామేష్ సీడీ వేశాడు. ఇద్దరూ నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. మూడో పాటకు ఆయన మొహం చిట్లించాడు. "ఇది నాకూ నచ్చనేదు, ఊరుకోండి," అంది నాగేశ్వరి. ఆరో పాటలో ఆ ఖాళీ వచ్చింది. ఆ పెద్ద స్పీకర్లలో, డ్రమ్ము దెబ్బల వెనక ప్రబీర్ ఊపిరి పీల్చుకుని వదలడం కూడా వినిపించింది. కామేష్ ఆ చోటికి వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మూడుసార్లు విన్నాడు.

"వదిలేశాడనుకున్నాం," అన్నాడు చివరికి.

"సంక కింద గుడ్డ ఒదిల్తేనే సెయ్యి లేస్తాది బావూ. బిగించి కుడితే లెగదు. ఆయనకి తెలిసే ఒదిలినాడు."

తొమ్మిదో పాట కూడా అయిపోయాక కామేష్ సీడీ తీసి దాని అట్టలో పెట్టాడు. తర్వాత, "మీరన్నది నిజమే. కానీ రేపటి సంగతి ఆపలేను. ముప్ఫై నాలుగు మందికి నేనే చెప్పాను. ఇప్పుడు నేను లేవకపోతే వాళ్ళ ముందు నిలబడలేను," అన్నాడు.

"మీ ఇష్టం. నాను మాత్రం లెగను," అంది నాగేశ్వరి. వేదవతి పెట్టిన ఉప్మా తిని, మళ్ళీ నడిచి ఇంటికి పోయింది.

* * *

శనివారం సాయంత్రం నాలుగింటికి ఆట మొదలైంది. హాలు సగమే నిండింది. సంఘం వాళ్ళు కుడివైపు మూడు వరసల్లో కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో నాగేశ్వరి. నాలుగో పాటకు గిటారు అందుకోగానే కామేష్ లేచాడు. ఆయన వెనక ఒక్కొక్కరూ లేచారు. సీడీలు వేదిక అంచున పెట్టే చప్పుడు పాటలో కలిసిపోయింది. ప్రబీర్ కిందికి చూశాడు. అతను నెరిసిన జుట్టును వెనక్కి ముడేసుకున్నాడు. పాట ఆపలేదు గాని ఒక చరణం తప్పాడు.

నాగేశ్వరి చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. దాటిపోతూ ఒకమ్మాయి, "రా దీదీ, ఒక్కదానివే ఏం చేస్తావు?" అని చెయ్యి పట్టుకుంది. ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. వెళ్ళేవాళ్ళలో చివర ఉన్న తపన్ బాబు గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చివరి దాకా విన్నారు. "జోయార్" అయ్యాక నాగేశ్వరి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత ఎనిమిదో పాట మొదలవగానే చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆట ముగిశాక ఆమె వేదిక వెనక గదికి వెళ్ళింది. బల్ల మీద సీడీల కుప్ప ఉంది. దాని ముందు ప్రబీర్ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి అలసటగా, "మీదీ ఇవ్వడానికొచ్చారా? పెట్టేయండి," అన్నాడు బెంగాలీలో.

"నాది ఇవ్వను. మూడో పాటా ఎనిమిదో పాటా బాగాలేవు. అవి మీ కోసం చేసుకున్నవి కావు. ఎవరి కోసం చేశారో వాళ్ళు కూడా వినరు. ఆ మాట చెబుదామని వచ్చాను."

మూల కూర్చున్న డ్రమ్మరు పెద్దగా నవ్వాడు. "నేను రికార్డింగులోనే చెప్పాను, విన్నాడా!"

ప్రబీర్ నవ్వలేదు. "మిగిలిన ఏడూ?"

"నాలుగు బాగున్నాయి. రెండు ఇంకా తేలలేదు, వినాలి. జోయార్ మాత్రం మీరు ఇంతవరకూ చేసినవాటన్నిట్లో పెద్దది."

"ఎన్నిసార్లు విన్నారు?"

"ఇవాళ్టితో ఎనిమిది."

అతను సీడీల కుప్పను చూశాడు, ఆమెను చూశాడు. "నేనే ఎనిమిదిసార్లు వినలేదు," అన్నాడు. ఆ తర్వాత, ఆ తేలని రెండు పాటలు ఏవో అడిగాడు. ఆమె చెప్పింది. ఒకదానిలో చివరి చరణం తనకూ తృప్తిగా లేదని అతను ఒప్పుకున్నాడు.

బయటికొచ్చేసరికి ఏడు దాటింది. హాలు ఎదురుగా బస్సు స్టాపు దగ్గర కామేష్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. మిగతావాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

"ఇంటికెల్నేదేటి బావూ?"

"గోడ అవతల నిలబడ్డాను. బాస్ ఒక్కటే వినబడింది," అన్నాడాయన. "జోయార్ ఎలా వాయించారు?"

"సెప్తే తెలీదు. లోనుండి ఇనాల." ఆయన మొహం చూసి, కాస్త మెత్తబడింది. "రేపు ఆదివారం. కొట్టుకాడికి రండి."

"అందరూ తిడతారు. మూడు పాటలే విన్నానని వాళ్ళకు చెప్పాలి కదా."

"తిట్టనీండి. నానూ తిడతాను. తిట్టడాలయిపోనాక, పాటలేద్దాం. ఎవులూ మాటాడకుండా తొమ్మిదీ ఇనాల."

మర్నాడు కామేష్ తన పెద్ద స్పీకర్లు రెండూ తోపుడు బండి మీద వేయించుకుని టీ కొట్టుకు వచ్చాడు. జరిగింది అందరి ముందూ చెప్పాడు. పదహారు మంది అప్పుడే లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో చాలామంది తర్వాత కూడా ఆ సందు వైపు రాలేదు. ఆల్బం పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ రోజు మిగిలిన పంతొమ్మిది మందీ బెంచీల మీదా అరుగు మీదా సర్దుకుని కూర్చున్నారు. ఒక కుర్రాడు తను ఐదు పాటలే విన్నానని తనంతట తానే ఒప్పుకున్నాడు. నాగేశ్వరి లేచి, ఉడుకుతున్న టీ గిన్నె చప్పుడు అడ్డురాకుండా దాని కింద మంట కాస్త తగ్గించమని బలాయ్ దాకు చెప్పి, సీడీని ప్లేయర్లో పెట్టింది.